పోలీసు చర్య

తెలంగాణమున వృద్ధులు తమ యింటి పెండ్లికిగాని, బిడ్డ పుట్టుకకుగాని కాలము చెప్పవలసివచ్చినపుడు నేటికిని “పోలీసు యాక్షన్‌కు ముందు” అనియో “తరువాత” అనియో చెప్పుచుందురు. 1948వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన మొదలై 17వ తేదీన నిజాము లొంగుబాటుతో ముగిసిన చర్యకు ప్రభుత్వము పెట్టగా, పత్రికలు ఇంటింటికి మోసిన పేరది. పత్రికల బాధ్యత యిందులో గలదు గనుక ఆ మాటను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పోలీసులనగా దొంగను పట్టువారు, సంతలో కొట్లాటను అణచువారు. హైదరాబాదు సంస్థానముమీదికి నడచినది ట్యాంకులతోను, విమానములతోను కూడిన సైన్యము. సైనికులు దానికి పెట్టుకొన్న పేరు ఆపరేషన్ పోలో. పిదప పాలన చేపట్టినవాడు సైనిక గవర్నరు మేజర్ జనరల్ చౌదరి. 1949 చివరివరకు ఆయనయే పాలించెను. పోలీసు చర్యకు సైనిక గవర్నరేల యని యడుగుటకు పాండిత్యమక్కరలేదు.

కారణము లేకపోలేదు. నిజాము ప్రభుత్వము ఆగస్టులోనే భద్రతాసమితికి ఫిర్యాదు చేసియుండెను. యుద్ధమన్నచో హైదరాబాదు పరరాజ్యమని యొప్పుకొన్నట్లగును. పోలీసు చర్య యన్నచో అది యింటి వ్యవహారము. వకీలు దృష్టితో చూచినచో మాట గట్టిదే. రజాకార్ల దౌర్జన్యములను, ఆ ఆగస్టులోనే బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతను ఎరిగినవారు సైన్యము రాకను తప్పుపట్టజాలరు. మేమును పట్టము. మా అభ్యంతరము మాటతోనే.

డచ్చివారు ఇండోనీషియాపై 1947 జూలైలోను, 1948 డిసెంబరులోను నడపిన దాడులకు సరిగా ఈ పేరే పెట్టుకొనిరి. మన ప్రభుత్వము వారి చర్యను గర్హించి 1949 జనవరిలో ఢిల్లీలో పలుదేశముల సభ జరిపెను. పరుల నోట కపటమైన మాట మన నోట సత్యమెట్లయ్యెనో! 1950 జూన్‌లో కొరియా విషయమున ఒక విలేఖరి యీ మాటనే అందింపగా అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఔననెను. ఆ “పోలీసు చర్య” మూడేండ్లు సాగి, ఒక్క అమెరికనులలోనే 36 వేలమందికి పైగా బలిగొనెను.

ఇక మన మాట చేసిన కీడు. పోలీసు చర్య అయిదు దినములలో ముగిసినదని పత్రికలు సంతోషించెను. ముగిసినదానివెనుక ఏమి జరిగెనని యడుగువారు కొద్దిమంది. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు జిల్లాలు తిరిగి, 27 వేలనుండి 40 వేలవరకు ప్రాణములు పోయెనని అంచనా వేసిరి. హతులలో మిక్కిలిమంది ముస్లిములు; ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. రజాకార్ల పాపమునకు, ఆ పాపముతో నిమిత్తములేని సేద్యగాండ్రును, చేతిపనివారును మూల్యము చెల్లించిరి. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రభుత్వపు బీరువాలోనే యుండెను. దానిని బయటపెట్టుమని గట్టిగా అడుగవలసినవి పత్రికలు. కాని పోలీసు చర్యలో వేలమంది చచ్చుట యెట్లని మాటయే వాదించుచుండగా అడుగువాడెవడు?

నేడు సెప్టెంబరు 17వ తేదీకి విమోచనమనియు, విలీనమనియు, సమైక్యతయనియు పక్షమునకొక పేరు గలదు. ఏ పేరు పెట్టుకొన్నను మాకు కలహము లేదు. వచ్చు సెప్టెంబరునాటికి సుందర్‌లాల్ నివేదికను, బైరాన్‌పల్లి మృతుల పట్టికను ఒకే పుటలో, ప్రక్కప్రక్కన, తెలుగున ముద్రింపుడని తోటి పత్రికలవారిని కోరుచున్నాము.