ఇంటికి తగిన పెంకు

పోయిన వేసవిలో మా అన్నయ్య కబురు చేశాడు. "మండువా ఇల్లు కారుతోంది. గూనపెంకు తీసేసి బెంగుళూరు పెంకు వేయిద్దాం. ఈ వయసులో అమ్మ కారే చోటల్లా గిన్నెలు పెడుతూ ఎన్నాళ్లు తిరుగుతుంది?"

బెంగుళూరు పెంకని మనం అంటాం గాని, దాని పుట్టిల్లు మంగుళూరు. అక్కడ 1865లో బాసెల్ మిషన్ వారు పెంకుల కర్మాగారం పెట్టారు. అచ్చులో ఒత్తిన ఈ పెంకులు గాడిలో గాడి పడి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఏటా తిరగనేయించే బాధ ఉండదు. అన్నయ్య మాట సబబే ననిపించింది.

ముసలి వడ్రంగి మాత్రం ఒప్పుకోలేదు. నిచ్చెనెక్కి, నాలుగు పెంకులు తీయించి, వాసాల మీదుగా తాడు బిగించి పట్టాడు.

"చూడండి బాబూ!"

మా తాతల నాటి తాటివాసాలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. గూనపెంకు ఆ వంకరలకు ఒదిగి కూర్చుంటుంది. అచ్చుపెంకు ఒదగదు, గాడి తప్పిన చోటల్లా నీరు దిగుతుంది. పైగా మండువాలో వాలులు కలిసే ప్రతి మూలా దాన్ని కోయవలసిందే. అది కావాలంటే ముందు వాసాలన్నీ మార్చాలి. అంత డబ్బు మా అన్నదమ్ముల దగ్గర లేదు.

చివరికి పగిలినవి మార్చి మండువాకు గూనపెంకే తిరగనేయించాం. కోత వాసాలతో ఈమధ్య కట్టిన వంటింటికి బెంగుళూరు పెంకు వేయించాం. శ్రావణమంతా వానలు కురిసినా అమ్మ అటక మీది గిన్నెలు దించలేదు.

మీరూ పెంకు బేరమాడే ముందు వాసాల మీద ఒకసారి తాడు పట్టించి చూడండి.