సైకిలోళ్లు అంగడికి బరువా?

ఈ నెల సైకిలు దావ గురించి నాలుగు మాటలు రాస్తా.

మేము మిల్లులో ఉన్నప్పుడు షిఫ్టు వదిలితే గేటు ముందర రోడ్డంతా సైకిళ్లే. ఎదురుగా టీ అంగడి, బీడీల అంగడి, కూరగాయల బండి, పంక్చరు అంగడి అన్నీ ఆ సైకిళ్ల మీదే బతికినాయి. కారు దిగి అక్కడ టీ తాగినోణ్ని నేను చూడలేదు.

పోయిన నెల బెంగుళూరుకు మావాడింటికి పోయినా. వాడికి చిన్న కిరాణా అంగడి. వాళ్ల వీధిలో రోడ్డు అంచున సైకిళ్లకు వేరే దావ గీస్తారని మాట పుట్టింది. అంగళ్లోళ్లంతా వద్దని అర్జీ రాసుకున్నారు. మావాడూ సంతకం పెట్టినాడు.

"నాయనా, బండి నిలిపే తావు పోతే గిరాకీ పోతుంది. బాడుగ ఎవరు కడతారు?" అన్నాడు.

వాడి భయం ఉత్తిది కాదు. బాడుగ ఒక్క నెల తప్పినా ఊరుకునే ఓనరు ఎవరున్నారు? అందుకని వాదన పెట్టుకోకుండా సాయంత్రం స్టూలు వేసుకుని కూర్చున్నా. నడిచో సైకిల్లోనో వచ్చినోళ్లకు ఒక శెనక్కాయ గింజ, మోటారుబండికి ఒక చింతపిక్క, కారుకు ఒక గులకరాయి, వేరే వేరే డబ్బాల్లో వేస్తూ పోయినా. అంగడి మూసే వేళకు శెనక్కాయ గింజల డబ్బా నిండింది. చింతపిక్కలు సగం. గులకరాళ్లు ఒక చేతి వేళ్లకు మించలేదు.

"కారోడు ఒక్కసారే నెల సరుకు కొంటాడు కదా" అన్నాడు మావాడు. నిజమే. కానీ పాలు, కొత్తిమీర, సబ్బు అని రోజూ వచ్చేది గింజల డబ్బావోళ్లే.

కెనడా దేశంలో టొరంటో అనే నగరం ఉంది. అక్కడ బ్లూర్ వీధిలో 2008లో అంగళ్లోళ్లనూ గిరాకీలనూ అడిగి లెక్క తీసినారు. కారులో వచ్చేది పదిమందిలో ఒకరే అని తేలింది. నెల మొత్తం చూస్తే ఎక్కువసార్లు వచ్చి ఎక్కువ ఖర్చు పెట్టేది నడిచేవాళ్లు, సైకిలోళ్లే. 2016లో ఆ వీధిలో సైకిలు దావ వేసినాక కూడా గిరాకీ తగ్గలేదు, పెరిగింది. అయినా 2024లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దావ తీసేయడానికి చట్టం చేసింది. లెక్క తేలినా తగువు తేలలేదన్నమాట.

మన దిక్కు చూడండి. బెంగుళూరు జయనగరంలో సైకిలు దావ వేసి పదేళ్లు దాటింది. దాని మీద కార్లు నిలిపేసినారు. 2020లో అవుటర్ రింగ్ రోడ్డులో కడ్డీలు నాటి దావ చేస్తే, కడ్డీలు విరిగిపోయినాయి, మోటారుబండ్లు దూరినాయి. హైదరాబాదులో 2023లో రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల దావ కట్టి పైన సోలారు పలకలు పరిచినారు. మన పావగడ ఎండతో తిరుమణి దగ్గర కరెంటు తీసినట్టే అక్కడ దావ కప్పు మీద తీస్తారు. మంచిదే. కానీ అది పొద్దున్నే వ్యాయామం చేసేవాళ్ల దావ. పనికి పోయి వస్తా ఉల్లిగడ్డలు కొనుక్కునేవాడికి దావ కావాల్సింది అంగళ్ల వీధిలోనే.

నాకు తోచింది ఇది. సరుకు దించే టెంపోకు తెల్లారి గంట, రెండు గంటలు తావు ఇడవాల. అది అంగడివాడి హక్కు. మిగతా పొద్దు దావను సైకిలుకు ఇడవాల. ఒక కారు నిలిచే తావులో సుమారు పది సైకిళ్లు పడతాయి. పది సైకిళ్లంటే పది సంచులు.

మావాడు సంతకం వాపసు తీసుకోలేదు. తోటి అంగళ్లోళ్లతో తగువు వాడికి కష్టం, నేను బలవంతం చేయలేదు. కానీ డబ్బాలు పారేయబోతే "ఉండనీ నాయనా, ఆదివారం నేనూ లెక్కేస్తా" అన్నాడు.

మన ఇళ్లల్లో అంగడి పెట్టుకున్న పిల్లోళ్లు శానామంది ఉన్నారు. సంతకం పెట్టేముందు ఒక్క సాయంత్రం మీరూ లెక్కేయండి. గింజలు మన దగ్గర కరువా?