మోసేవాడు ముట్టుకోకూడదా?

హైటెక్ సిటీ వైపు ఉండే మిత్రులకి మా నాచారం అంటే ఎక్కడో ఊరవతల. ఉండనివ్వండి. ఈ టపా ట్రాఫిక్ గురించి కాదు, పోయిన వినాయక చవితినాడు నేను చేసిన ఒక వెధవ పని గురించి.

మా అపార్ట్‌మెంట్లో ముప్పావు మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. చవితి రోజు పంతులుగారు దొరకడమంటే సంక్రాంతికి తత్కాల్ టికెట్ దొరకడమే. ఒప్పుకున్నాయన కూడా పదకొండింటికి ఫోన్ చేసి, హబ్సిగూడలో ఇరుక్కుపోయాను, రెండు దాటుతుందన్నారు. పిల్లలు ఉండ్రాళ్ళ వైపు చూస్తున్నారు. అప్పుడు మా వాచ్‌మన్ కాస్త వెనకాడుతూనే అన్నాడు, "సార్, మావోడు చదువుతడు. మొత్తం నోటికొస్తది."

వాళ్ళ అబ్బాయి పదో తరగతి. మా బిల్డింగులోనే ఉండే రిటైరైన తెలుగు మాస్టారి దగ్గర రెండేళ్ళుగా కూర్చుని నేర్చుకున్నాడు. ఆయనే చెప్పారు, వాడి ఉచ్చారణకి వంక పెట్టలేమని. పొద్దున్నే తిరిగి ఇరవై ఒక్క పత్రులూ కోసుకొచ్చింది కూడా వాడే.

కమిటీలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "చదవనివ్వండి, తప్పులేదు. కానీ కలశం, విగ్రహం ముట్టుకోవడం అదీ మనలో ఎవరైనా..." అని ఆపి, నా వైపు చూశాడు. "మీకు జంధ్యం ఉంది కదండీ."

ఉంది. మంత్రం మాత్రం ఒక్కటీ రాదు. అయినా నేను కూర్చున్నాను. అదే నేను చేసిన వెధవ పని.

పుస్తకం చూసి చదవడానికి తంటాలు పడుతుంటే వాడు మెట్టు కింద నుంచి మెల్లగా అందించాడు. ఏది మాచీపత్రమో ఏది బృహతీపత్రమో తెలియక చెయ్యి గాల్లో ఆపితే, "ఎడమ పక్కది అంకుల్" అన్నాడు. విద్య వాడిది, చెయ్యి నాది! మనం ఆఫీసులో రోజూ తిట్టుకునేది దీన్నే కదా, పని తెలిసినవాడికి యాక్సెస్ లేకపోవడం, యాక్సెస్ ఉన్నవాడికి పని తెలియకపోవడం.

అయిదో రోజు నిమజ్జనం. నాలుగడుగుల మట్టి విగ్రహాన్ని వాచ్‌మన్, ఆ అబ్బాయి, ట్రాలీ ఆటో అతను కలిసి గుండెలకి హత్తుకుని దింపారు, ఉప్పల్ నల్లచెరువు దాకా తీసుకెళ్ళారు. ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అడిగితే జవాబు సిద్ధంగా ఉంది: "ఉద్వాసన చెప్పేశాక అది మట్టేనండీ." నిజమే. కొట్టు నుంచి మోసుకొచ్చిందీ వాళ్ళే, అప్పటికింకా ప్రాణప్రతిష్ఠ కాలేదు. అంటే మట్టిగా ఉన్నప్పుడు వాళ్ళు మొయ్యాలి, దేవుడైనంతసేపు మనం ముట్టుకోవాలి. ఎంత సౌకర్యమైన శాస్త్రం!

ఈ సంగతి మెట్రోలో మా ఆఫీసు మిత్రుడొకరికి చెప్పాను. ఆయన క్రైస్తవుడు. నవ్వి, "సంఖ్యాకాండం నాలుగో అధ్యాయం చదువు" అన్నాడు. ఆ రాత్రే చదివాను.

ఇశ్రాయేలీయులు ఎడారిలో తిరిగేటప్పుడు వాళ్ళ గుడి ఒక గుడారం. విప్పడం, మోయడం, మళ్ళీ నిలబెట్టడం లేవీ గోత్రం పని. ముప్పై ఏళ్ళ నుంచి యాభై ఏళ్ళ వయసు మగవాళ్ళకి. తెరలూ బట్టలూ గెర్షోను వంశానికి: రెండు బళ్ళు, నాలుగెద్దులు. పలకలూ స్తంభాలూ మెరారి వంశానికి: నాలుగు బళ్ళు, ఎనిమిదెద్దులు. మందసం, బల్ల, దీపస్తంభం, బలిపీఠాల లాంటి అతి పవిత్రమైనవి కహాతు వంశానికి. వాళ్ళకి బళ్ళు లేవు, భుజాల మీదే మొయ్యాలి. కానీ ముందు అహరోను, అతని కొడుకులు వచ్చి, ఒక్కో వస్తువుకీ బట్టలూ తోళ్ళూ కప్పి, మోతకర్రలు తగిలించాలి. కహాతీయులు ఆ వస్తువుల్ని ముట్టుకుంటే చావే. కప్పుతున్నప్పుడు ఒక్క క్షణం చూసినా చావే.

అంటే మూడు వేల ఏళ్ళ కింద కూడా బరువు ఒకడికి, స్పర్శ ఇంకొకడికి!

ఇది మా కమిటీ మిత్రుడికి చెబితే ఆయన సంబరపడ్డాడు. "చూశారా, అన్ని మతాల్లోనూ ఉంది. మనల్నే అంటారెందుకు?"

ఆగండి సార్. కథ అక్కడితో అయిపోలేదు. మొదటిది, అక్కడ ఆ నియమానికి రాజు కూడా అతీతుడు కాదు. ఉజ్జియా రాజు గుళ్ళో ధూపం వెయ్యబోతే కుష్ఠు పట్టిందని రాశారు. లేవీయులకీ యాజకులకీ మిగతా గోత్రాల్లాగా భూమిలో వాటా కూడా లేదు. అంటే ముట్టుకునే హక్కుకి వెల ఉంది. నా హక్కుకి నేనేం వెల కట్టాను? పుట్టాను, అంతే.

రెండోది, మోసినవాడు ప్రశ్నించాడు. సంఖ్యాకాండం పదహారులో కోరహు అనేవాడు మోషే, అహరోనుల ఎదుట నిలబడి, ఈ సమాజంలో అందరూ పవిత్రులే కదా, మీరెందుకు పైన అని అడిగాడు. అతను ఏ వంశం అనుకున్నారు? కహాతు వంశమే. భుజాలు కాయలు కాచినవాళ్ళ వంశం. భూమి నోరు తెరిచి మింగిందని గ్రంథం చెబుతుంది. గెలిచినవాళ్ళు రాసిన కథ అలాగే ఉంటుంది. కానీ కోరహు కొడుకులు చావలేదని అదే గ్రంథం ఇరవై ఆరో అధ్యాయంలో చెబుతుంది. కీర్తనల్లో కొన్ని కోరహు కుమారుల పేరు మీదే ఉన్నాయి. అడిగినవాడు పోయినా వాళ్ళ పాట మిగిలింది.

మూడోది, సా.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక బలులూ పోయాయి, బలిపీఠమూ పోయింది. యాజక వంశాలకి కొన్ని మర్యాదలు ఇప్పటికీ ఉన్నాయి, కానీ సమాజాన్ని నడిపించే పని రబ్బీలకి వెళ్ళింది. రబ్బీ కావడానికి పుట్టుక కాదు, చదువు కావాలి.

సరే, మన ఇంటికొద్దాం. మా నాచారంలోనే ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియో ఉంది. 1960లో వెంకటేశ్వరుడి వేషం వేసిన ఆ మనిషే ముఖ్యమంత్రిగా ఉండగా, 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. తిరుమల మిరాశీతో సహా. కేసు సుప్రీంకోర్టుకి వెళితే 1996లో కోర్టు చట్టాన్ని సమర్థించింది: పూజ మతానికి సంబంధించింది, పూజారి నియామకం లౌకిక వ్యవహారం అని. 2002లో కేరళ కేసులో ఇంకో అడుగు వేసింది, విధి తెలిసి, శిక్షణ పొందినవాడు బ్రాహ్మణుడు కానక్కర్లేదంది. 2017లో ట్రావెన్‌కోర్ దేవస్వం బోర్డు ఎంపిక చేసిన పూజారుల్లో ఆరుగురు దళితులు. 2021లో తమిళనాడు వివిధ కులాల నుంచి శిక్షణ పొందిన అర్చకుల్ని నియమించింది. మనం? 2007లో చట్టం సవరించి అర్చక కుటుంబాలకి మళ్ళీ గుర్తింపు ఇచ్చుకున్నాం.

2018 ఏప్రిల్లో చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు జియాగూడ రంగనాథస్వామి గుళ్ళోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్ళారు. దణ్ణం పెట్టాల్సిన పని. కానీ లోపలికి తీసుకెళ్ళడం వేరు, హారతి పళ్ళెం చేతికివ్వడం వేరు. ఆ రెండో పని మనం చెయ్యాలి.

"ఆగమాలు ఒప్పుకోవు" అంటారా? ఆ వాదం పెద్ద గుళ్ళకి, దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ మా సెల్లార్లో షామియానా కింద ఏ ఆగమం ఉందండీ? వ్రతకల్పం పుస్తకం ఇంట్లో కూర్చుని ఎవరికి వాళ్ళు చేసుకోవడానికే కదా అమ్ముతున్నారు. ఇదే తెలంగాణలో గ్రామదేవతల దగ్గర బైండ్లవాళ్ళు, కుమ్మరివాళ్ళు, చాకలివాళ్ళు తరాలుగా పూజారులు. ఆషాఢంలో బోనాలకి మనమే వెళ్ళి వాళ్ళ చేత్తో బొట్టు పెట్టించుకుంటాం. అమ్మవారికి లేని మైల వినాయకుడికి ఎక్కడిది?

నా కోపం అర్చకుల మీద కాదు. చిన్న గుళ్ళలో వాళ్ళ బతుకేంటో నాకు తెలుసు. వాళ్ళ పిల్లలు చాలామంది మన పక్క సీట్లలోనే కోడ్ రాసుకుంటున్నారు, మంచిదే. వాళ్ళకి మన వృత్తిలోకి దారి దొరికింది. ఆ అబ్బాయికి వాళ్ళ వృత్తిలోకి ఎందుకు దొరకకూడదు? పొద్దున లేస్తే మెరిట్, మెరిట్ అని గొంతు చించుకునే మనం, మెరిట్ ఎదురుగా వచ్చి నిలబడితే మెట్టు కింద కూర్చోబెట్టాం.

మొన్న కమిటీ మీటింగులో చెప్పాను. వచ్చే చవితికి పీట మీద ఆ అబ్బాయి కూర్చుంటాడు, పత్రులు నేను కోసుకొస్తాను. కాదంటే నా చందా ఇవ్వను, మెట్ల కింద వాడి పక్కన కూర్చుంటాను. ఇద్దరు సరేనన్నారు, మిగతావాళ్ళు "చూద్దాం" అన్నారు. మాస్టారు మాత్రం, "మీరు ఆ రోజే లేచి పీట ఇవ్వాల్సింది నాయనా" అన్నారు.

అవును, ఆ రోజే ఇవ్వాల్సింది.