షాదీఖానా తలుపులు తెరుద్దాం

తెలుగు రాష్ట్రాల్లోని అనేక పట్టణాల్లో ప్రభుత్వ నిధులతో కట్టిన ‘ఉర్దూ ఘర్ కమ్ షాదీఖానా’ భవనాలున్నాయి. ఆ పేరులో రెండు బాధ్యతలున్నాయి. పెళ్లిళ్ల బాధ్యత నెరవేరుతున్నది. రెండోది చాలాచోట్ల బోర్డుకే పరిమితమైంది. నికాహ్ గానీ వలీమా గానీ లేని రోజున గేటుకు తాళమే.

ఉద్యోగ జీవితమంతా దరఖాస్తుల మధ్య గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. మన పిల్లల దరఖాస్తులు తరచుగా ఆగిపోయేది అర్హత లేక కాదు, అక్షరం కలవక. మార్కుల జాబితాలో ‘ఎస్.కె.’, ఆధార్‌లో ‘షేక్’, ఒకచోట ‘ఎం.డి.’, మరోచోట ‘మహమ్మద్’. ఈ చిన్న తేడాను సకాలంలో సరిదిద్దుకోలేక స్కాలర్‌షిప్‌ను వదులుకున్న విద్యార్థులను మేము చూశాము.

2007 నాటి చట్టంతో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. ఆ హక్కు కోసం న్యాయస్థానాల్లో ఎంత పోరాడినా, ప్రవేశాల వేళకు విద్యార్థి చేతిలో కుల ధ్రువీకరణ పత్రం లేకపోతే దాని ఫలం అందదు. తెలంగాణలో షాదీ ముబారక్ కింద రూ.1,00,116 సాయం ఉన్నది. పెళ్లి జరిగే భవనంలోనే ఆ దరఖాస్తు నింపిపెట్టే మనిషి లేకపోవడం విచారకరం. పేద తల్లిదండ్రులు దళారీని ఆశ్రయించవలసి వస్తున్నది.

మదీనాలో మస్జిదె నబవీని ఆనుకొని సుఫ్ఫా అనే అరుగు ఉండేది. ఇల్లూవాకిలీ లేనివారు అక్కడే తలదాచుకొని విద్య నేర్చుకున్నారు. ప్రార్థన, చదువు, ఆశ్రయం ఒకేచోట ఉండటం మనకు కొత్త కాదు.

అద్దె రానిదే కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం ఎలాగన్నది కమిటీల ప్రశ్న. అది సహేతుకమే. మేము కోరుతున్నది భవనమంతా కాదు. వారానికి రెండు సాయంత్రాలు ఒక గది, ఒక బల్ల, నాలుగు కుర్చీలు. అందులో ఒక రోజు మహిళలకే కేటాయించి, చదువుకున్న ఆడపిల్లలను కూర్చోబెట్టాలి. వితంతు పింఛను, రేషన్ కార్డు, ఓటరు జాబితాలో పేరు వంటి వాటిపై మగవారిని అడగడానికి సంకోచించే తల్లులు అప్పుడు నిస్సంకోచంగా వస్తారు. పక్క వీధిలోని హిందూ, క్రైస్తవ పేదలు వచ్చినా అదే ఆదరణ చూపాలి.

ఉద్యోగ విరమణ చేసిన మావంటివారు ప్రతి మహల్లాలో ఉన్నారు. వారానికి రెండు గంటలు ఇవ్వడం మనకు భారం కాదు. వచ్చే జుమా నమాజు తరువాత మీ కమిటీ పెద్దల ముందు ఈ మాట ఉంచండి. తాళంచెవి మన చేతిలోనే ఉన్నది.