సగటు చెప్పని సంగతి

ఒక వీధిలో తొమ్మిది ఇళ్ళు ఉన్నాయనుకోండి. మూడిళ్ళ నెలసరి రాబడి 8,000 రూపాయల చొప్పున ఉంది. ఒక ఇంటికి 9,000, ఒక ఇంటికి 10,000, ఇంకొక ఇంటికి 11,000, రెండిళ్ళకు 12,000 చొప్పున వస్తుంది. తొమ్మిదో ఇల్లు బియ్యం మిల్లు యజమానిది. ఆయన రాబడి 1,92,000. అన్నింటినీ కూడి తొమ్మిదితో భాగిస్తే సగటు 30,000 రూపాయలు. లెక్కలో తప్పు లేదు. కాని ఆ వీధిలో ముప్పై వేలు వచ్చే ఇల్లు ఒక్కటీ లేదు!

రాబడులను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచేది అయిదోది, అంటే 10,000. దీనినే మధ్యగతం అంటారు. మిల్లు యజమాని రాబడి రెట్టింపైనా మధ్యగతం కదలదు. సగటు మాత్రం యాభై వేలు దాటిపోతుంది. ఎక్కువసార్లు వచ్చిన 8,000 బాహుళకం. చెప్పుల దుకాణదారుకు ఈ పేరు తెలియకపోవచ్చు గాని, ఎక్కువగా అమ్ముడుపోయే సైజునే అతను ఎక్కువగా తెచ్చి పెట్టుకుంటాడు. ఊరివాళ్ళ పాదాలకు సగటు తీస్తూ కూర్చోడు.

సగటు రాబడి ఇరవై వేల లోపు ఉన్న వీధులకే సాయం అని నిర్ణయిస్తే, ఇక్కడి ఎనిమిది కుటుంబాలకు అన్యాయం జరుగుతుంది. అందుచేత రాబడి లెక్కలు ప్రకటించేవారు సగటు పక్కనే మధ్యగతాన్ని కూడా చెప్పి తీరాలి. అన్నిటికంటె పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసివేస్తే వచ్చే వ్యాప్తిని చెబితే మరీ మంచిది. అలాగని సగటు పనికిరానిది కాదు. హాస్టలుకు నెలకు ఎన్ని కిలోల బియ్యం కావాలో తేల్చడానికి అదే సరైనది.

రాబడుల మాటే కాదు, భాషల లెక్కలోనూ ఈ చిక్కు ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో గాని, తమిళనాడులో గాని తెలుగు మాతృభాషగా గలవారు నూటికి ఆరుగురి లోపే. ఇది రాష్ట్రమంతా కలిపి తీసిన సగటు వంటిది. కోలారు, కృష్ణగిరి జిల్లాలలో తెలుగువారి పాలు ఇంతకంటె చాలా ఎక్కువ. కొన్ని జిల్లాలలో వారు బహు తక్కువ. భాషా అల్పసంఖ్యాకుల రక్షణకై 1956లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన పత్రంలో, ఒక జిల్లాలో గాని, తాలూకాలో గాని, పురపాలక సంఘంలో గాని వారు నూటికి 15 నుంచి 20 వరకు ఉంటే ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ ఇవ్వడం మేలని ఉంది. రాష్ట్రపు సగటునే కొలబద్దగా పెట్టుకుని ఉంటే, ఆ ఆరు పదిహేనుకు ఎన్నడూ చేరేది కాదు. తాలూకాల వారీగా లెక్కించినప్పుడే కోలారు వంటి చోట్ల తెలుగు ప్రకటన అడగడానికి ఆధారం దొరుకుతుంది.