మత్తు సూదికి ముందు ఒక్క మాట

వారాసిగూడ: ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనున్న ఈ పేటలో మా బంధువులు ఒక ఆడకుక్కను పెంచుకుంటున్నారు. ఇటీవల దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఆపరేషన్ బాగానే జరిగింది గాని తెల్లవారేదాకా కుక్క లేవలేదు. ఒళ్లు చల్లబడింది, గుండె మెల్లగా కొట్టుకుంది. అదృష్టం బాగుండి బతికింది. విచారించగా, ముందురోజే గోమార్ల మందు కలిపిన నీళ్లతో దాని ఒళ్లంతా కడిగారని తేలింది. ఆ మాట ఇంటివారు చెప్పలేదు, డాక్టరు అడగలేదు.

గోమార్లకు వాడే అమిట్రాజ్, మత్తుకు వాడే జైలజిన్ శరీరంలో దాదాపు ఒకే తీరుగా పనిచేస్తాయి. రెండూ మగత తెస్తాయి, గుండె వేగాన్ని తగ్గిస్తాయి. విడివిడిగా సరైన మోతాదే అయినా, రెండూ కలిస్తే మోతాదు మించినట్లే. మేకలు, పశువుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కుక్కకిచ్చే దానికంటే చాలా తక్కువ జైలజిన్‌కే అవి పడిపోతాయి.

ఇది నేటి సమస్య కాదు. మన హైదరాబాదులోనే 1888, 1889 సంవత్సరాల్లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారం పరీక్షలు జరిపించారు. వందలాది కుక్కలు, ఇతర జంతువులు వాటికి బలయ్యాయి. ముందు ఆగేది శ్వాసే గాని గుండె కాదు, శ్వాసను కనిపెట్టుకుంటే చాలునని తేల్చారు. కాని 1911లో ఇంగ్లండులో డాక్టర్ లెవీ, క్లోరోఫారం తేలిక మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించగా గుండె ఉన్నట్టుండి అదిరి ఆగిపోవడం చూశారు. ఒక్క మందును చూసి ధైర్యపడరాదని, దానితో కలిసే రెండో మందును కూడా చూడాలని దీనివల్ల తెలుస్తున్నది.

పల్లెలో మేక పోతే ఒక కుటుంబానికి ఆధారం పోయినట్లే. మందకు కాపలా కుక్క పోతే తోడేలుకు దారి ఇచ్చినట్లే. తప్పు నీదంటే నీదని వాదులాడుకుంటే పోయిన ప్రాణం తిరిగి రాదు. కనుక ఇటీవల పూసిన మందు, తాగించిన మందు, వేయించిన సూది ఏదైనా సరే, సీసాతో సహా తెచ్చి డాక్టరుకు చూపాలి. నాటుమందైనా దాచరాదు. తెలిస్తే డాక్టరు మందు మార్చగలరు, లేదా ఆపరేషన్ వాయిదా వేయగలరు.

ప్రతి పశువైద్యశాలలోనూ "ఈ మధ్య ఏ మందు వాడారు?" అని తెలుగులో బోర్డు పెట్టి, జవాబు చీటీపై రాసుకున్న తర్వాతే మత్తు సూది వేసే పద్ధతి రావాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. సంబంధిత అధికారులు శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.