చిత్రకళా విద్యార్థికి చలికాలము

మన తెలుగు నాట చిత్రకళ నేర్పు కళాశాలలు సంవత్సరమున ఏ నెలలను దేనికి వినియోగించుచున్నవో పరికించినచో, దీపావళి వెళ్ళినది మొదలు రథసప్తమి వరకు గల కాలము, అనగా వెలుతురు మిక్కిలి సౌమ్యముగను, నీడలు మిక్కిలి దీర్ఘముగను ఉండి, పగలంతయు ఆరుబయట కూర్చుండుటకు దేహము ఇష్టపడు ఆ కాలము, నేనెరిగిన పెక్కుచోట్ల సెమిస్టరు పరీక్షలకును, రికార్డు పుస్తకములకును, హాజరు పట్టీలకును బలియగుచున్నది. ఆరుబయటి చిత్రణకు మిగులునది పరీక్షలు ముగిసిన పిమ్మటి మండుటెండ. ఇది తలక్రిందులైన ఏర్పాటనియు, దీనిని మార్చుటకు ధనము కంటె సంకల్పమే ఎక్కువ కావలెననియు నా దృఢవిశ్వాసము.

వెలుతురు సంగతి మొదట చెప్పెదను. డిసెంబరు మూడవ వారమున హైదరాబాదులో మిట్టమధ్యాహ్నమునందు సైతము సూర్యుడు దిగంతమునుండి 50 డిగ్రీల ఎత్తునకు చేరడు. మే నెల రెండవ వారమున నడినెత్తికి వచ్చును. నడినెత్తి సూర్యుని క్రింద చెట్టు నీడ చెట్టు మొదటనే అణగిపోవును, మనిషి ముఖమున కన్నులు రెండు నల్లని గుంటలగును, గోడ గోడగా గాక తెల్లని రేకుగా కనబడును. ఏటవాలు వెలుగులోనైనచో గోలకొండ బురుజు గుండ్రదనము, గచ్చు పెచ్చులూడిన చోటి గరుకుదనము, గేదె డొక్కలోని ఎముకల వరుస, ఇవియన్నియు ఉదయమునుండి సాయంకాలము వరకు గడియకొక తీరున విశదమగుచుండును. రూపమును వెలుగు నీడల ద్వారా గ్రహింపవలసిన విద్యార్థికి ఇంతకు మించిన పాఠ్యగ్రంథము లేదు. ఆ గ్రంథము తెరచియున్నంత కాలము మనము అతనిని ట్యూబులైటు క్రింద కూర్చుండబెట్టి కళాచరిత్ర ప్రశ్నలకు జవాబులు వ్రాయించుచున్నాము.

నేను చిత్రలేఖనము నేర్చినది బోల్పూరు చెంతనున్న శాంతినికేతనమునందలి కళాభవనమున. 1919లో రవీంద్రనాథ ఠాకూరు నెలకొల్పగా, నందలాల్ బోసు చిరకాలము నడిపించిన ఆ విద్యాలయమున, ఆయన కాలపు అలవాట్లు మేము చేరునాటికి కొంత పలుచబడినను, శీతకాలము రాగానే చెట్ల క్రిందికిని పొలములలోనికిని పోవు అలవాటు మాత్రము చెక్కుచెదరలేదు. ఊరి వెలుపల ఖోయాయి అను ఎర్రమట్టి గండ్లు కలవు. ఏండ్ల తరబడి వానలు కోసివేయగా మిగిలిన ఆ నేలపై అక్కడక్కడ తాటిచెట్లును, ఆవల సంతాలుల పల్లెలును, ఇంకను ఆవల కోపాయి నదియు నుండును. మంచు విడువకమునుపే కాగితము బిగించిన పలకయు, రంగుల గిన్నెలును, తాగునీటి సీసాయు పట్టుకొని అచటికి పోవుచుంటిమి. జేగురు రంగును నీళ్ళగా కలిపి కాగితముపై పూసిన పూత, ఎండకాలమైనచో కుంచె మరల గిన్నెలో ముంచి తెచ్చులోపలనే ఆరి అంచు కట్టును. హేమంతపు ఉదయమున అదే పూత చాలసేపు చెమ్మగిలియుండి, దానిపై తాకించిన నీలిరంగును తొందరలేకుండ తనలోనికి తీసికొనును. ఎంత తడిలో ఎంత రంగు నిలుచునో, ఎప్పుడు కుంచె ఎత్తివేయవలెనో, ఎప్పుడు పలకను కొంచెము వంచి రంగును దానంతట దానిని పారనీయవలెనో, నాకు ఏ ఉపాధ్యాయుడును ఇంత స్పష్టముగ చెప్పియుండలేదు. చలికి వ్రేళ్ళు కొంకర్లు పోవుటయు మేలే అయ్యెను. వ్రేళ్ళతో సన్నసన్నగా గోకు అలవాటు విడిపోయి, గీత భుజమునుండి బయలుదేరి సాగుట ఆ ఉదయములందే మాకు వశమయ్యెను.

ఆ దినములలో ఈతచెట్ల రసము తీయువారు తెల్లవారకముందే చెట్లెక్కుదురు; రాత్రియంతయు కుండలో జారిన రసమును దింపి, కాచి, ఆ ప్రాంతమున ప్రసిద్ధమైన క్రొత్త బెల్లము చేయుదురు. నడుమునకు మోకు చుట్టుకొని, చెట్టు గాట్లయందు పాదములు మోపి వెనుకకు వాలి నిలిచిన ఒక మనిషిని నేను గీయుచుండగా, మా ఉపాధ్యాయులొకరు వెనుకకు వచ్చి చాలసేపు నిలిచి, "ముందు బరువెక్కడ ఉన్నదో చూడుము, మనిషి దానివెంట తానే వచ్చును" అనిరి. నేను మరల చూచితిని. అతని బరువంతయు మోకునకును పాదములకును నడుమ పంచబడియున్నది, చేతులు రెండును స్వేచ్ఛగా పనిచేసికొనుచున్నవి. అట్టి పాఠము నాలుగు గోడల నడుమ, కదలక కూర్చుండుటకు కూలి తీసికొను మనిషిని చూచి గీయునప్పుడు దొరకుట దుర్లభము. అతని బరువు కుర్చీలో ఉండును.

నందలాల్ బోసు ఎచటికి పోయినను తపాలా కార్డు పరిమాణము గల కాగితపు ముక్కలు వెంట తీసికొనిపోయి, కనబడిన మేకను, బండిని, తాటితోపును రెండు మూడు గీతలలో పట్టి మిత్రులకును శిష్యులకును పంపుచుండిన సంగతి లోకవిదితము. ఆ చిన్న కార్డుల అభ్యాసమునకును, ఆయన చేసిన మహత్కార్యమునకును గల సంబంధమును మాత్రము మనవారు తగినంతగా తలపోయలేదు. 1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురలో జరిగిన కాంగ్రెసు మహాసభకై గాంధీ మహాత్ముని కోరికపై ఆయనయు శిష్యులును కలిసి సిద్ధపరచిన చిత్రపటములు 400 వరకు ఉండగా, వానిలో 80కి పైగా ఆయన స్వహస్తముతో రచించినవి. డోలు కొట్టువాడు, వడ్రంగి, దర్జీ, ధాన్యము దంచు స్త్రీ, ఎద్దును నిలువరించు రైతు, వీరే ఆ పటములలోని నాయకులు. చేతికాగితము, మట్టిరంగులు, వెడల్పైన కుంచె, ఇవే సామగ్రి. అంత స్వల్పకాలమున అన్ని పటములు అంత ప్రాణముతో వెలువడుటకు కారణము, ఆ రూపములన్నియు అంతకుముందే ఎన్నియో శీతకాలములుగా పొలముల గట్లపైనను సంతలలోను ఆయన చేతిలోనికి దిగియుండుటయే అని నా ఊహ. ఆ 1938లోనే రామకింకర్ బైజ్ సిమెంటును ఎర్రరాతి గులకను కలిపి ఆరుబయట నిలిపిన సంతాలు కుటుంబ శిల్పము, మేము చదువుకొనునప్పుడు చలికాలపు మధ్యాహ్నములందు మాకు నిత్యదర్శనము. ఏటవాలు ఎండలో ఆ గరుకు రూపముల చుట్టు కూర్చుండి గీయుచు, నడక అనునది శిల్పమున ఎట్లు నిలుచునో తెలిసికొంటిమి.

నందలాలుని జన్మదినము డిసెంబరు 3. దానికి ముందటి రెండు దినములు, అనగా 1, 2 తేదీలలో, కళాభవనమున నందన్ మేళా జరుగును. విద్యార్థులును ఉపాధ్యాయులును వారముల తరబడి రాత్రులు మేలుకొని చేసిన మట్టిపాత్రలు, అచ్చు చిత్రములు, క్యాలెండర్లు, కార్డులు అమ్మి, వచ్చిన సొమ్మును విద్యార్థుల సహాయనిధికి చేర్చుదురు. ఒక ఏడు నా వంతుకు కార్డుల బల్ల వచ్చినది. మేకలు కాచుకొను ముసలివాడొకడు నా కార్డులలో ఒకదానిని తీసికొని, దీపమునకు దగ్గరగా పెట్టి చూచి, "ఇది ఇంకను పదిదినములలో ఈనును" అనెను. చూడిమేక యని నేనెరుగను. పొట్ట ఎట్లు కనబడెనో అట్లు గీచితిని, అంతే. గీచినవానికి తెలియని నిజము గీతలో చేరి, తెలిసినవాని కంటబడెను. చిత్రమునకు విమర్శకులచే వచ్చు మెప్పును నేను తరువాతి జీవితమున కొంత చవిచూచితిని గాని, ఆ మాట విన్ననాటి నిండుదనము వేరొకచోట కలుగలేదు. ఆ తరువాత మూడు వారములకు పౌష మేళా వచ్చును. 1843లో దేవేంద్రనాథ ఠాకూరు బ్రహ్మదీక్ష తీసికొనిన పౌషము 7వ దినమును పురస్కరించుకొని జరుగు ఆ ఉత్సవమున బావుల్ గాయకుల ఏకతారను, ఎగురు జుట్టును, గిరగిర తిరుగు అంగరఖాను పట్టుకొనుటకై మేము కార్డుల కట్టలు ఖాళీ చేయుచుంటిమి.

ఇదియంతయు వంగదేశపు వైభవమనియు, మనకు చెల్లదనియు కొందరందురు. కాని రాజమహేంద్రవరమున కళాశాల ప్రధానాచార్యులైన కూల్డ్రే దొరగారి ప్రోత్సాహముతో దామెర్ల రామారావుగారును, అడివి బాపిరాజుగారును చిత్రకళలో అడుగుపెట్టిరి. బొంబాయిలో చదివి వచ్చిన రామారావుగారు గోదావరీ తీరముననే చిత్రకళాశాల స్థాపించి, 1925లో ముప్పది ఏండ్లయినను నిండకుండ స్వర్గస్థులైరి. శాంతినికేతనమున నందలాలుని సన్నిధిని శిక్షణ పొందివచ్చిన కొండపల్లి శేషగిరిరావుగారు హైదరాబాదు లలితకళల కళాశాలలో బోధించిరి. దారి మనవారికి క్రొత్తది కాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి యున్నది. ధనుర్మాసము నెలయంతయు మన పల్లెలలో ప్రతి వాకిటను తెల్లవారుజామున జరుగు చిత్రకళాభ్యాసమును మన చిత్రకళాశాలలు కన్నెత్తియైనను చూడవు. మా మేనత్త కళ్ళాపి చల్లిన నేల ఇంకను తడిగా ఉండగానే చుక్కలు పెట్టును. తడి నేల పిండిని పట్టుకొనును, ఆరిన నేల చెదరగొట్టును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి జారు ముగ్గు, చేయి వేగముగా పోయినచో సన్నని గీతయగును, నిదానించినచో లావగును; చెరుపుటకు వీలులేదు. చిన్ననాడు ప్రక్కన గొంతుకూర్చుండి చూచు నాతో ఆమె, "చెయ్యి ఆగిందంటే గీత ఉబ్బుతుందిరా అబ్బాయీ. చేతినేం చూస్తావు, వెళ్ళాల్సిన చుక్కని చూడు" అనుచుండెను. అదే ఉపదేశమును నేను మరల వినుటకు బోల్పూరు దాకా పోవలసివచ్చినది. అచట నందలాలు ఆల్పనా అను నేలముగ్గులను విద్యలో చేర్చెను. ఆయన కుమార్తె గౌరీ భంజ ఎన్నో తరములకు దానిని నేర్పెను. మనము మాత్రము ఇరువది చుక్కల మెలిక ముగ్గును తప్పులేకుండ కలుపగల పిల్ల చిత్రకళాశాలలో చేరగానే, ఆమె చేతిలోని ఆ విద్యను గడప వెలుపల విడిచి రమ్మనుచున్నాము.

పరీక్షలను జరుపుట ఎట్లు, పైవారికి చూపవలసిన కాగితములు ఎట్లు అను ప్రశ్న వచ్చును. వ్రాత పరీక్షలు వేసవిలో జరుపవచ్చును. ఆ దినములలో ఎట్లును నీడపట్టున కూర్చుండక తప్పదు. ఆడపిల్లలను బయటికి పంపుట క్షేమమా అను సందేహము నిజమైనది, దానిని తేలికగా తీసివేయరాదు. పదిమంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు వెంట నుండి, ఊరిపెద్దలకు ముందుగా తెలిపి, చీకటి పడకమునుపే మరలివచ్చు కట్టుబాటుతో పోవలెను. మేమట్లే పోయితిమి, మాలో సగము ఆడపిల్లలే. ఇక సెల్‌ఫోనులో ఫొటో తీసికొని వచ్చి తరగతిలో గీసికొనరాదా అనువారికి నేను చెప్పగలది ఇంతే: ఫొటోలో ఏది వదలవలెనో యంత్రము ముందుగానే నిర్ణయించివేయును. చెట్టుకు వ్రేలాడు మనిషి బరువు ఎటు ఒరుగుచున్నదో, మేక నడక ఎందుకు మందగించినదో, ఎదుట నిలిచి గడియల తరబడి చూచినవానికే తెలియును. ఇటీవల ఒక కళాశాలలో విద్యార్థుల వార్షిక ప్రదర్శనము చూచితిని. పదునెనిమిది ఏండ్ల పిల్లల చేతులలో అంత నేర్పుండుట చూచి సంతోషించితిని. ఆ నేర్పంతయు ఫోను తెరపైని బొమ్మలను అచ్చుగ్రుద్దినట్లు దింపుటకే వ్యయమగుచుండుట చూచి మనసు కలతపడినది.

కావలసినవి గొప్ప ఏర్పాట్లు కావు. కార్తికమునుండి మాఘము వరకు వారమునకు మూడు దినములైనను ఆరుబయటి చిత్రణకు విడువవలెను. ప్రతి విద్యార్థికి బస్సు పాసును, నెలకొక కార్డుల కట్టయు కళాశాలయే ఈయవలెను. ధనుర్మాసమున చుట్టుప్రక్కల ఊళ్ళనుండి ముగ్గువేయు స్త్రీలను పిలిచి, అతిథి ఉపన్యాసకులకిచ్చు పారితోషికమే వారికిని ఇచ్చి, ఆవరణమున పాఠములు చెప్పించవలెను. హైదరాబాదు నాంపల్లిలో జనవరి 1న మొదలగు నుమాయిష్ 1938నుండి నడచుచున్న ప్రదర్శనము. అందు చిత్రకళా విద్యార్థులకొక బల్ల ఇప్పించి, అమ్మగా వచ్చిన సొమ్మును రంగులు కొనలేని సహాధ్యాయుల నిధికి చేర్చినచో, జనుల ఎదుట తమ గీతను నిలబెట్టు ధైర్యము ఆ పిల్లలకు తొలి ఏటనే కలుగును. విజయవాడలోను విశాఖలోను సంక్రాంతి సంబరములు జరుపువారు ఇట్టి బల్లనే ఈయగలరు. వచ్చు విద్యాసంవత్సరపు పాఠ్యప్రణాళికయు, పరీక్షల తేదీలును వేసవి సెలవులలోనే నిర్ణయమగును గనుక, విద్యార్థులును, వారి తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును ఈ కోరికను ప్రధానాచార్యుల ముందు ఉంచవలసిన సమయమదియే.